ఇసుక దాటినవాడు మన తీరంలో ఏం చూశాడు?

దారులు - బాటసారులు: 7వ భాగం

పోయినవారం, భారతదేశానికి బయల్దేరిన చైనా బౌద్ధ సన్యాసి హ్యూయన్‌త్సాంగ్‌ను గ్వాజౌ ఊళ్లో వదిలేశాం. తాంగ్ చక్రవర్తి తైజోంగ్‌కు గద్దె అప్పుడప్పుడే కుదురుకుంటోంది. పడమటి సరిహద్దు దాటి ఎవరూ పోరాదని ఆజ్ఞ. అనుమతి అడిగితే రాలేదు. 629లో చాంగాన్ నుంచి చెప్పాపెట్టకుండా బయల్దేరిన ఈ సన్యాసిని పట్టుకోమంటూ ఉత్తర్వు వెనకాలే వచ్చింది. గ్వాజౌలో అది చేతికందిన లీ చాంగ్ అనే ఉద్యోగి బౌద్ధుడు. కాగితం తీసుకొచ్చి చూపించి, ఇందులో రాసింది మీ గురించేనా అని అడిగాడు. అవునని తెలిశాక ఎదుటే చింపేసి, ఇక ఒక్క పూట కూడా ఈ ఊళ్లో ఉండొద్దని చెప్పి పంపేశాడు.

దారి చూపిస్తానని షి పాంటువో అనే మధ్య ఆసియా కుర్రాడు ముందుకొచ్చాడు. తనతో ఒక ముసలాయన్ని తీసుకొచ్చాడు. ఆ పెద్దాయన దగ్గర బక్కచిక్కిన ఎర్ర గుర్రం ఒకటుంది. చూస్తే నాలుగడుగులు వేస్తుందన్న నమ్మకం కలగదు. కానీ హామీ ఒయాసిస్సుకు పదిహేనుసార్లు వెళ్లి వచ్చిన గుర్రం అది. కొత్తగా కొన్న మంచి గుర్రాన్ని ఇచ్చేసి హ్యూయన్‌త్సాంగ్ దాన్ని పుచ్చుకున్నాడు. ఆయన ప్రాణం నిలబెట్టింది ఆ బేరమే.

రాత్రిపూట హులు నది దగ్గరికి చేరారు. కుర్రాడు చెట్లు నరికి, అడ్డంగా పరిచి, పైన గడ్డీ ఇసుకా కప్పి గుర్రాలను దాటించాడు. అవతల ఇద్దరూ యాభై అడుగుల ఎడంలో పడుకున్నారు. కాసేపటికి కుర్రాడు లేచాడు. చేతిలో కత్తి. మెల్లగా దగ్గరిదాకా వచ్చి, ఏమనుకున్నాడో వెనక్కి తిరిగాడు. సన్యాసి లేచి కూర్చుని జపం మొదలుపెట్టాడు. తెల్లారాక కుర్రాడు అసలు మాట చెప్పాడు: ముందు కాపలా బురుజులున్నాయి, నీళ్లు వాటి దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు, పట్టుబడితే ఇద్దరికీ చావే, నావల్ల కాదు. అతనికి ఒక గుర్రాన్ని ఇచ్చి, పట్టుబడ్డా నీ పేరు చెప్పనని మాటిచ్చి హ్యూయన్‌త్సాంగ్ ఒక్కడే కదిలాడు. కత్తి పట్టిన ఆ కుర్రాణ్ని చరిత్రకారులు తేలిగ్గా దొంగను చేసేస్తారు. నా లెక్కలో వాడు భయపడ్డ మామూలు మనిషి. సన్యాసి దొరికిపోతే ముందు తెగేది తోవ చూపినవాడి తల.

ఎడారిలో దారికి గుర్తులు రెండే. ఎముకలూ, ఎండిన గుర్రపు లద్దె. ఒకచోట వందల మంది సైనికులు, ఒంటెలు, జెండాలు కనిపించాయి. దగ్గరపడేకొద్దీ ఒకదాని రూపు ఇంకోదానికి మారిపోయి చివరికి ఏమీ లేదు. ఎండమావిని అంత వివరంగా చెప్పిన ప్రయాణ వృత్తాంతాలు ఆ కాలంలో అరుదు. మొదటి బురుజు దగ్గర చీకటిపడ్డాక నీళ్లు పట్టుకుంటుంటే ఒక బాణం వచ్చి మోకాలికి కొద్దిలో తప్పిపోయింది. వెంటనే ఇంకొకటి. రాజధాని నుంచి వచ్చిన సన్యాసిని, కొట్టకండని అరిచాడు. అక్కడి దళపతి వాంగ్ షియాంగ్ తిండి పెట్టి, నీళ్లూ రొట్టెలూ కట్టి ఇచ్చి, తన బంధువు కాపలా ఉన్న నాలుగో బురుజుకు తోవ చెప్పాడు. నాలుగోచోట ఇంకో సలహా దొరికింది: ఐదో బురుజు వాళ్లు మంచివాళ్లు కాదు, దాన్ని తప్పించి అడవిగుర్రాల ఊట దగ్గర నీళ్లు పట్టుకో.

ఆ ఊట దొరకలేదు. అక్కడి నుంచి మోహోయెన్ ఎడారి, ఎనిమిది వందల లీ. లీ అంటే రమారమి అరకిలోమీటరు. విశాఖ శివారులో మన మధురవాడ కార్‌షెడ్ దగ్గర బస్సెక్కి విజయవాడలో దిగితే ఎంత దూరమో దాదాపు అంత. పైన పిట్ట లేదు, కింద జంతువు లేదు, గడ్డిపోచ లేదు. నీళ్ల సంచి దించి తాగబోతే బరువుకి చెయ్యి జారి మొత్తం ఇసుకపాలైంది. వెయ్యి లీల ప్రయాణానికి సరిపోవాల్సిన నీళ్లవి. వెనక్కి నాలుగో బురుజువైపు పది లీలు నడిచాడు. అప్పుడు ఒట్టు గుర్తొచ్చింది, భారతదేశం చేరేదాకా తూర్పుకు ఒక్క అడుగు వెయ్యనని. గుర్రాన్ని మళ్లీ వాయవ్యానికి తిప్పాడు.

నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు గొంతులో చుక్క నీరు పడలేదు. ఐదో రాత్రి చల్లగాలి వీస్తే కాస్త స్పృహ వచ్చింది. గుర్రమూ లేచింది. పది లీలు నడిచాక అది ఉన్నట్టుండి పక్కకు మళ్లింది. ఎంత లాగినా వినలేదు. అది పోయిన వైపు పచ్చగడ్డి, దాని పక్కన తియ్యటి నీటిమడుగు. పదిహేనుసార్లు ఆ దారి తొక్కిన ముసలి గుర్రానికి నీటి జాడ తెలుసు. ఆయన జీవితచరిత్ర దీన్ని బోధిసత్వుడి మహిమగా చెబుతుంది. నేను గుర్రం పక్షాన ఉంటాను.

ఈ కత్తి, బాణం, దాహం ఏవీ హ్యూయన్‌త్సాంగ్ తన పుస్తకంలో రాయలేదని చాలామందికి తెలియదు. ఇవన్నీ శిష్యుడు హుయిలీ మొదలుపెట్టగా యాన్‌త్సోంగ్ పూర్తిచేసిన జీవితచరిత్రలోనివి. ‘సీ-యు-కీ’ అని మనం పాఠాల్లో చదువుకున్నది వేరు. అది తిరిగొచ్చిన మరుసటి ఏడాది, 646లో, తైజోంగ్ చక్రవర్తి అడిగితే బియాంజీ అనే సన్యాసి చేత రాయించి సమర్పించిన పన్నెండు సంపుటాల నివేదిక. చక్రవర్తికి పడమటి దేశాల మీద కన్నుంది. ఏ రాజ్యం చుట్టుకొలత ఎంత, రాజధాని ఎంత, నేల ఏం పండుతుంది, జనం మెత్తనివాళ్లా కోపిష్టులా, ఎన్ని ఆరామాలు, ఎందరు భిక్షువులు - ప్రతి దేశానికీ దాదాపు ఇదే వరస. అందులో ‘నేను’ కనిపించడు. తహసీల్దారు రికార్డులా ఉంటుందని విసుక్కునేవాళ్లున్నారు. నిజమే, అలాగే ఉంటుంది. చరిత్రకు అక్కరకొచ్చింది కూడా ఆ గుణమే. మొత్తం 138 దేశాల్లో 110 తాను చూసినవి, 28 విన్నవి అని విడదీసి చెప్పుకున్నాడు. ఆ కాలపు యాత్రికుల్లో ఎందరు ఆ మాత్రం చేశారు?

హామీ నుంచి నాలందా దాకా కథను తొందరగా దాటేస్తాను. తుర్ఫాన్‌లో గావోచాంగ్ రాజు తన దగ్గరే గురువుగా ఉండిపొమ్మని పట్టుబట్టాడు. మూడు రోజులు మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంటే గానీ వదల్లేదు. వదిలాక ఇరవై నాలుగు రాజ్యాలకు పరిచయ లేఖలు, ముప్ఫై గుర్రాలు, పాతికమంది పనివాళ్లను ఇచ్చాడు. తియాన్‌షాన్ మంచుకొండల్లో బృందంలో పదికి ముగ్గురు నలుగురు చలికి పోయారు. సమర్‌ఖండ్, బాల్ఖ్, బామియాన్, గాంధారం, కశ్మీరం. నాలందాలో శీలభద్రుడి దగ్గర ఏళ్ల తరబడి యోగాచారం చదివాడు. చదువయ్యాక తామ్రలిప్తి రేవుకొచ్చి సింహళానికి ఓడ ఎక్కుదామనుకున్నాడు. దక్షిణాది భిక్షువు ఒకరు వద్దన్నారట. సముద్రం మీద తుపానుల గండం ఉంది, అదే నేలబారున దక్షిణం చివరికి పోతే అక్కడి నుంచి నీటి మీద మూడు రోజులే, పైగా దారి పొడుగునా క్షేత్రాలు చూడొచ్చు. ఆ సలహా పుణ్యమే ఆయన మన తూర్పుతీరం వెంట నడిచి రావడం. ఓడ్రం దాటాడు, కొంగోడ దాటాడు. ఆ తర్వాత కళింగం.

కళింగం సంగతి చెప్పేముందు ఆయన మాటకు విలువెంతో తూచి చూడాలి. ఆ పని చేసినవాడు ఇంకో ఎడారి మనిషి, ఆరెల్ స్టైన్. హంగరీలో పుట్టి, బ్రిటిష్ ఇండియాలో ఉద్యోగం చేస్తూ 1900లో తక్లమకాన్ ఎడారిలోకి దిగాడు. చేతిలో సీ-యు-కీ అనువాదం. హ్యూయన్‌త్సాంగ్‌ను తన రక్షక ఋషి అని చెప్పుకునేవాడు. 1907లో దున్‌హువాంగ్ గుహల పూజారి వాంగ్ యువాన్‌లును మంచి చేసుకోవడానికి కూడా ఆ పేరే వాడాడు. ఆ చనువుతో పెట్టెలకొద్దీ ప్రతులను నామమాత్రపు సొమ్ముకు తరలించుకుపోయాడు. ఆ పనిని చైనావాళ్లు ఈనాటికీ దోపిడీ అనే అంటారు, తప్పేం లేదు. అది వేరే లెక్క. మనకు కావలసింది ఆయన తవ్వకాల్లో బయటపడ్డ రుజువు.

ఖోతాన్‌లో హ్యూయన్‌త్సాంగ్ రెండు కథలు విన్నాడు. శత్రువుల జీనులూ విల్లుతాళ్లూ రాత్రికి రాత్రి కొరికేసి రాజును గెలిపించిన ఎలుకల కథ ఒకటి. పట్టుపురుగు గుడ్లను సిగలో దాచి అత్తవారింటికి తెచ్చిన రాకుమారి కథ రెండోది. దండాన్ ఉయిలిక్ శిథిలాల్లో స్టైన్‌కు దొరికిన చెక్క పలకల మీద ఎలుక తల దేవుడూ ఉన్నాడు, సిగవైపు వేలెత్తి చూపిస్తున్న దాసీతో రాకుమారీ ఉంది. కట్టుకథను కట్టుకథగానే, విన్నది విన్నట్టుగా మోసుకొచ్చాడన్నమాట.

అంతకంటే గట్టి సాక్ష్యం అదే ఎడారిలోని ఎండేరె దగ్గర ఉంది. తిరుగు ప్రయాణంలో నియా దాటాక ఇసుక ప్రవాహం మొదలవుతుందనీ, గాలి ఎటు వీస్తే అటు గుట్టలు కదులుతాయనీ, అడుగుజాడ నిలవదు కాబట్టి పోయినవాళ్ల ఎముకలు కుప్పపోసి గుర్తు పెట్టుకుంటారనీ, పాటలాంటి ఏడుపులాంటి గొంతులు వినిపించి మనుషులు దారితప్పుతారనీ రాసి, ఆ పక్కనే ఒక పాత రాజ్యం గురించి చెప్పాడు: ఊళ్లన్నీ ఎప్పుడో పాడుబడ్డాయి. స్టైన్ మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ ఎనిమిదో శతాబ్దపు కోట, 719 నాటి చైనా రాత కనిపించాయి. పాడుబడిందన్నాడు, మనుషులున్నారే అన్న అనుమానం వచ్చింది. 1906లో మళ్లీ తవ్వితే అడుగున శతాబ్దాల పాత ఖరోష్ఠి పత్రాలు బయటపడ్డాయి. ఊరు ఒకసారి బతికి, చచ్చి, హ్యూయన్‌త్సాంగ్ పోయాక మళ్లీ బతికింది. ఆయన దాటిన 645 ప్రాంతంలో అది నిజంగానే శూన్యం. ఖాళీని ఖాళీ అని రాశాడు, అంతే. బౌద్ధ సన్యాసి కదా, బౌద్ధం క్షీణించినచోట కాస్త సర్ది రాసుంటాడని అనుకునేవాళ్లకు ఈ ఎండేరె ఒక జవాబు.

ఇప్పుడు మన గడపలోకి వద్దాం.

కళింగం చుట్టుకొలత ఐదువేల లీలు, రాజధాని ఇరవై లీలు అన్నాడు. అడవులు వందల లీలు సాగుతాయి. నల్లటి అడవి ఏనుగులకు పొరుగు రాజ్యాల్లో గిరాకీ. ఎండ మండిపోతుంది. జనం దూకుడు మనుషులు, కానీ మాట మీద నిలబడతారు. ఆరామాలు పది పైచిలుకు, భిక్షువులు ఐదు వందలు. దేవాలయాలేమో వందకు పైన, అన్యమతాల్లో జైన నిర్గ్రంథులదే పైచేయి. రాజధానికి దక్షిణాన అశోకుడు కట్టించాడనే స్తూపం. ఆ తర్వాత వచ్చే మాట దగ్గర నేను చాలాసార్లు ఆగాను. ఒకప్పుడు ఈ దేశంలో భుజాలు రాసుకునేంత, బండి ఇరుసులు గుద్దుకునేంత జనం ఉండేవాళ్లట. కొండ మీద తపస్సు చేసుకునే ముని ఒకణ్ని ఎవరో అవమానిస్తే శపించాడు, పిల్లాపెద్దా అని లేకుండా అందరూ నశించారు, తర్వాత బయటినుంచి కొద్దికొద్దిగా వలస వచ్చినా దేశం ఇంకా నిండలేదు.

ఆ శాపం అశోకుడి కళింగ యుద్ధపు జ్ఞాపకమే అని కొందరంటారు. తొమ్మిది వందల ఏళ్లు ఒక జ్ఞాపకం అలా నిలబడటం నాకు నమ్మబుద్ధి కాదు. పాడుబడ్డ ఊళ్లు కళ్లముందు ఉంటే వాటికి ఒక కథ కావాలి, చుట్టుపక్కల జనం ముని శాపం అల్లుకున్నారు. ఎలుకల కథ రాసుకున్నట్టే దాన్నీ రాసుకున్నాడు. పాడుబడ్డ ఊళ్లు మాత్రం ఎండేరె లాగా నిజం.

ఆ నిజం మధురవాడ వాళ్లకు కొత్త కాదు. హైవే నుంచి సముద్రం వైపు చూస్తే ఒకపక్క బావికొండ, బీచ్ రోడ్డులో మంగమారిపేట పైన తొట్లకొండ, ఇంకా ముందుకెళ్తే భీమిలిలో పావురాళ్లకొండ. తొట్లకొండ సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. నౌకాదళం తన స్థావరం కోసం విమానం నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఆ శిథిలాలు కంటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వింది. మహాస్తూపం, గుండ్రటి చైత్యగృహాలు, వరసగా భిక్షువుల గదులు, భోజనశాల, రాళ్లు పరిచిన బాటలు బయటపడ్డాయి. బావికొండను అంతకు ముందే, 1982 నుంచి 87 దాకా తవ్వారు. అక్కడ ధాతుకరండం దొరికింది.

తొట్లకొండ పైకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది స్తూపం పక్కన ఫొటో దిగి వచ్చేస్తారు. రాతిలో తొలిచిన తొట్టెలను నిలబడి చూసేవాళ్లు తక్కువ. ఉలి గాట్లు అంచుల్లో ఇంకా తెలుస్తాయి. అడుగున పాచి, వానాకాలంలో అయితే కప్పలు. కొండ మీద బావి తవ్వితే నీళ్లు పడవు, కింద సముద్రం ఉప్పు. వాన నీటిని వాలు చూసి తొట్టెలోకి మళ్లించుకుని ఏడాది పొడవునా తాగాలి. వంద మంది ఒకచోట ఉండాలంటే ముందు చూసుకోవాల్సింది నీళ్లే. ధర్మం తర్వాత. మోహోయెన్ దాటినవాడికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ భిక్షువులను పోషించింది ఎవరో చెప్పడానికి అక్కడ దొరికిన నాణేలు చాలు. శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలున్నాయి. ఓడలు ఈ తీరం వెంట తిరిగినన్నాళ్లు వర్తకులు దానాలు చేశారు, కొండ మీద దీపం వెలిగింది. క్రీస్తుశకం మూడో శతాబ్దం తర్వాత రోముతో వ్యాపారం సన్నగిల్లింది. ఇటు శాతవాహనులూ పోయారు. కొత్త రాజులు గుళ్లకూ బ్రాహ్మణులకూ అగ్రహారాలు ఇచ్చారు. కొండ ఖాళీ అయింది. ఎవరూ శపించలేదు, ఎవరూ తగలబెట్టిన దాఖలా లేదు. దాతలు కొండ ఎక్కడం మానేశారు. హ్యూయన్‌త్సాంగ్ 639 ప్రాంతంలో ఈ దిక్కుకు వచ్చేసరికి తొట్లకొండ పాడుబడి మూడు నాలుగు వందల ఏళ్లయింది.

అలాగని అంతా చీకటే కాదు. ఇదే జిల్లాల్లో అనకాపల్లి దగ్గరి శంకరం కొండలు, మనం బొజ్జన్నకొండ అనేవి, అప్పటికింకా బతికున్నాయి. అలెగ్జాండర్ రే ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో అక్కడ తవ్వితే సముద్రగుప్తుడి బంగారు నాణెంతోపాటు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. పది పైచిలుకు ఆరామాలు, ఐదు వందల మంది అన్న లెక్కలో అలాంటివే ఉండి ఉంటాయి.

మరి ఆయన మధురవాడ మీదుగా నడిచాడా? అది ఆయన చెప్పిన కళింగ రాజధాని ఎక్కడ అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1871లో పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ రాజమహేంద్రవరం అన్నాడు. తర్వాతివాళ్లు ముఖలింగం అన్నారు, పిఠాపురం అన్నారు. కొంగోడ, అంటే గంజాం ప్రాంతం నుంచి నైరుతిగా పద్నాలుగు వందల లీలు పైగా నడిచానన్నాడు. ఆ దూరానికి ముఖలింగం మరీ దగ్గరైపోతుంది, గోదావరి వైపే మొగ్గుతుంది. కానీ ఆ నాటికి కళింగ గంగరాజులు ఏలుతున్నది ముఖలింగం వైపు కళింగనగరం నుంచి. పిఠాపురమేమో అంతకుముందే రెండో పులకేశి చేతిలో పడింది. ఆయన దూరాలు గొలుసు పెట్టి కొలిచినవీ కావు, నడిచిన రోజుల్ని లీల్లోకి మార్చినవి. కన్నింగ్‌హామ్ మాటే నిజమైతే ఈ కొండలకూ తూర్పు కనుమలకూ నడుమనున్న సన్నటి దారి తప్ప ఆయనకు వేరే తోవ లేదు. ముఖలింగమైతే మన ఊరి గాలి కూడా సోకలేదు. ఊరికి పేరొస్తుందని ఆయన్ను చెయ్యి పట్టి ఇక్కడికి లాక్కురావడం నాకు సమ్మతం కాదు. తేలని సంగతిని తేలనట్టే ఉంచుదాం.

కళింగం నుంచి వాయవ్యంగా అడవులు దాటి కోసలకు వెళ్లి, అక్కడి నుంచి దక్షిణంగా తొమ్మిది వందల లీలు దిగి ఆంధ్రదేశం చేరాడు. రాజధాని వేంగి, నేటి ఏలూరు పక్కనున్న పెదవేగి. 624లో కుబ్జవిష్ణువర్ధనుడు తూర్పు చాళుక్య రాజ్యం మొదలుపెట్టి పట్టుమని పదిహేనేళ్లు కాలేదు. రాజు పేరు హ్యూయన్‌త్సాంగ్ ఎత్తలేదు, ఎందుకో. నేల సారవంతం, జనం ఉగ్రస్వభావులు అన్నాడు. మాట మధ్యదేశపు మాటకు వేరు, రాత పద్ధతి మాత్రం చాలావరకు ఒకటే అని గమనించాడు. తెలుగువాళ్ల నోటి మాటను విదేశీయుడు ఒకడు చెవిపెట్టి విని రాసిపెట్టిన అతి పాత దాఖలాల్లో అదొకటి. ఆరామాలు ఇరవైకి పైన, భిక్షువులు మూడు వేలకు పైన. కళింగంతో పోలిస్తే ఆరింతలు. బౌద్ధ తర్కశాస్త్రానికి మూలపురుషుడు దిఙ్నాగుడు ఊరికి ఇరవై లీల దూరంలో ఒంటికొండ మీద గ్రంథం రాశాడని చెప్పి, అక్కడ రాతిస్తూపం ఉందన్నాడు.

అక్కడి నుంచి ఇంకో వెయ్యి లీలు దక్షిణంగా ధాన్యకటకం. ఊరికి తూర్పు కొండ మీద పూర్వశైల, పడమటి కొండ మీద అవరశైల ఆరామాలు. సీవెల్, ఫెర్గూసన్ అనే పరిశోధకులు ఈ కొండల గుర్తు పట్టుకుని ఇది బెజవాడ అని వాదించారు. అమరావతి చుట్టూ అలాంటి కొండలు లేవు కాబట్టి వాళ్ల వాదానికి బలం లేకపోలేదు. అయినా ధరణికోట-అమరావతి అన్నమాటే నిలిచింది, శాసనాలు అటే ఉన్నాయి. ఏ ఊరైనా ఆయన చెప్పిన స్థితి ఒకటే: ఆరామాలు లెక్కలేనన్ని, చాలావరకు పాడుబడ్డాయి, నిలిచినవి ఇరవై, మనుషులు వెయ్యి పైచిలుకు. ఆ రెండు కొండల ఆరామాలైతే పూర్తిగా శూన్యం. కొండదేవతలు తోడేళ్లుగా, కోతులుగా మారి వచ్చి పోయేవాళ్లను హడలగొట్టడంతో భిక్షువులు వదిలేశారని ఊళ్లో చెప్పారట. కళింగంలో ముని, ఇక్కడ కోతులు. పేర్లు మారాయి గానీ దాతలు లేని కొండల కథే ఇదీ.

ధాన్యకటకంలో విన్న ఇంకో కథ భావవివేకుడిది. మైత్రేయ బుద్ధుడు పుట్టేదాకా ఈ శరీరంతోనే ఆగి, తన సందేహాలు ఆయన్నే అడగాలని ఆ పండితుడి పట్టుదల. అవలోకితేశ్వరుణ్ని ప్రార్థిస్తే, ధాన్యకటకానికి దక్షిణాన కొండచరియ దగ్గర వజ్రపాణిని జపించమన్నాడు. ఏళ్లు గడిచాక మంత్రించిన ఆవగింజలు విసిరితే బండ తెరుచుకుంది. లోపల అసురుల భవనం. చుట్టూ చేరిన జనాన్ని కూడా రమ్మని పిలిచాడు. అది పాముల పుట్ట, చచ్చిపోతామని వాళ్లు వెనకాడారు. పిలవగా పిలవగా ఆరుగురు మాత్రం వెంట వెళ్లారు. బండ మూసుకుంది. బయట మిగిలినవాళ్లు నోరు కొట్టుకున్నారు. బౌద్ధం తరిగిపోతున్న ఊళ్లో, అందరికంటే పెద్ద పండితుడు బండలోకి వెళ్లి తలుపేసుకున్నాడన్న కథే జనం నోట్లో నానుతూ ఉండటం చూడండి.

ఆయన అక్కడ ఉత్తచేతులతో కూర్చోలేదు. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు మహాసాంఘికుల అభిధర్మంలో దిట్టలు. వాళ్ల దగ్గర కొన్ని నెలలుండి ఆ శాస్త్రం చదువుకున్నాడు, బదులుగా మహాయాన గ్రంథాలు వాళ్లకు చెప్పాడు. నాలందా ఆచార్యుల సాటివాడు, వెయ్యి మంది మిగిలిన ఊళ్లో పలకాబలపం పట్టడానికి నామోషీ పడలేదు. చదువు పూర్తయ్యాక ఆ ఇద్దరూ ఆయనతోనే యాత్రకు బయల్దేరారని జీవితచరిత్ర చెబుతుంది. ఆ తర్వాత వాళ్ల జాడ అందులో లేదు.

చోళదేశపు అడవులు దాటి కాంచీపురం చేరాడు. సింహళానికి ఓడ ఎక్కడమే తరువాయి. సరిగ్గా అప్పుడే ఆ ద్వీపం నుంచి మూడు వందల మంది భిక్షువులు కాంచికి వచ్చి చేరారు. రాజు పోయాడు, కరువు పడింది, లోపల కలహాలు, అందుకే దాటి వచ్చేశామన్నారు. వాళ్ల పెద్దలను కూర్చోబెట్టుకుని యోగశాస్త్రం మీద ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. శీలభద్రుడు చెప్పినదానికి మించి ఒక్క ముక్క రాలేదు. సింహళం మాట అంతటితో వదిలేశాడు. డెబ్బై మంది దాకా ఆ భిక్షువులనూ వెంటేసుకుని వాయవ్యంగా, పులకేశి ఏలుతున్న మహారాష్ట్ర వైపు మళ్లాడు. ఏనుగులకు సారా తాగించి యుద్ధానికి తోలే ఆ రాజు సంగతీ, హర్షుడిచ్చిన ఏనుగు పామీరు కొండల్లో ఏమైందన్న సంగతీ వచ్చేవారం.